ఎఫ్ 22 అంటే ఏంది నాయనా?

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలో ఇప్పుడు ఏ ఊరికి పోయినా, కోడూరు కానివ్వండి, నరుకూరు కానివ్వండి, వరిగొండ కానివ్వండి, వీధిలో ఒకరిద్దరి పిలకాయలైనా పైదేశాల్లో ఉంటారు. వరిచేలు, రొయ్యల గుంటలు చూస్తూ పెరిగినవాళ్ళు లండన్‌లోనో రెడింగ్‌లోనో నలుగురితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటారు. అక్కడ చలి ముదిరాక ఇంటికి వచ్చే ఫోన్లలో ఒకటి ఇలా ఉంటుంది. "నాయనా, కొళాయిలో వేణ్ణీళ్ళు రావడం లేదు. బాయిలర్ మీద ఎఫ్ 22 అని పడతా ఉంది. ఏం చెయ్యమంటావు?"

ఇక్కడ నాయనకు తెలిసిన బాయిలర్ ఒక్కటే. దొడ్లో బావి పక్కన ఉండే రాగి బాయిలర్. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున సరుగుడు పుల్లల మంట. దానికి ఎఫ్‌లూ ఇరవై రెండులూ లేవు. "అదేందిరా అబ్బయ్యా?" అని అడిగి ఊరుకునేవాళ్ళు మేలు. చాలామంది ఊరుకోరు. "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి, అదే సర్దుకుంటుంది" అనేస్తారు. ఆ సలహా టీవీకి పనికొస్తుంది, సెల్‌ఫోనుకు పనికొస్తుంది. గ్యాసుతో నడిచేదానికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పి, అక్కడి నుంచి మన స్నానాల గదిలోకి వస్తాను. అసలు భయం అక్కడే ఉంది.

ముందు పిల్లల బాయిలర్ సంగతి. ఇంగ్లండు ఇళ్ళలో వంటింటి గోడకు బీరువాలాంటి తెల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. పైపుల్లో వచ్చే గ్యాసుతో అది రెండు పనులు చేస్తుంది. కొళాయికి వేణ్ణీళ్ళు ఇస్తుంది. గదుల్లో గోడవారగా ఉండే ఇనుప పలకల్లోకి వేడినీళ్ళు తిప్పి ఇల్లు వెచ్చగా ఉంచుతుంది. ఈ తిరిగే నీళ్ళు బయటికి రావు, ఒక మూసిన చుట్టులో తిరుగుతుంటాయి. ఆ నీళ్ళ ఒత్తిడి మామూలుగా 1 నుంచి 1.5 బార్ దాకా ఉండాలి. అది మరీ తగ్గితే, నీళ్ళు చాలనిచోట మంట పెట్టడం ఇష్టం లేక బాయిలర్ తనంతట తానే ఆగి ఒక అంకె చూపిస్తుంది. వైలాంట్ కంపెనీదైతే ఎఫ్ 22 అంటుంది, బాక్సీదైతే ఈ 119 అంటుంది. కంపెనీకొక భాష. అందుకే పక్కింటివాళ్ళ బాయిలర్‌కు పనిచేసిన ఉపాయం మన బాయిలర్‌కు వాడకూడదు. పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం తీసి చూడాలి. పుస్తకం లేకపోతే ఇంటి యజమానిని అడగాలి.

నీళ్ళ ఒత్తిడి తగ్గడం పెద్ద జబ్బేమీ కాదు. బాయిలర్ కింద నీళ్ళు నింపడానికి చిన్న వాల్వు ఉంటుంది. పుస్తకంలో ఉన్నట్టు దాన్ని మెల్లగా తిప్పి, ఒత్తిడి చూపే ముల్లు 1కి పైకి వచ్చాక మళ్ళీ కట్టేస్తే చాలు. ఈ పని ఇంట్లో ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. వారం తిరక్కుండా మళ్ళీ పడిపోతే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం, అప్పుడు మనిషిని పిలవాలి. ఇలాంటిదే ఇంకొకటి ఉంది. 2005 తర్వాత అక్కడ పెట్టే బాయిలర్లు పొగలో ఉన్న ఆవిరిని కూడా నీరుగా మార్చి ఆ వేడిని పిండుకుంటాయి. ఆ నీరు సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఇంటి బయటికి పోతుంది. గట్టి చలికి ఆ గొట్టంలో నీరు గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుంది. 2010 డిసెంబరు చలికి ఎన్నో ఇళ్ళలో ఇదే జరిగింది. గొట్టం నేల మీద నిలబడి అందేంత ఎత్తులో ఉంటే గోరువెచ్చని నీళ్ళు పోసి కరిగించుకోవచ్చు. మరిగే నీళ్ళు పొయ్యకూడదు, గొట్టం పగులుతుంది. నిచ్చెన వేసుకుని మంచులో ఎక్కాల్సిన ఎత్తులో ఉంటే ఆ సాహసం వద్దు.

ఇక మూడో రకం అంకెలు. వైలాంట్‌లో ఎఫ్ 28, ఎఫ్ 29. వూస్టర్ బాష్‌లో ఈఏ. ఐడియల్‌లో ఎల్ 2. వీటి అర్థం ఇంచుమించు ఒకటే, మంట కనబడలేదని. వీటి దగ్గరే నాయన సలహా ప్రమాదం.

బాయిలర్‌కు మంట కనబడటమేమిటి అంటారా? మంటలో సన్నటి విద్యుత్తు ప్రవహిస్తుంది. బర్నరు పక్కన ఒక కడ్డీ ఉండి, ఆ కొద్దిపాటి కరెంటును పట్టుకుని "మంట ఉంది" అని యంత్రానికి తెలియజేస్తుంది. బటన్ నొక్కగానే ముందు ఫ్యాను తిరుగుతుంది, నిప్పురవ్వ పడుతుంది, గ్యాసు వదులుతుంది. కొన్ని క్షణాల్లో కడ్డీ నుంచి కబురు రాకపోతే గ్యాసు కట్టేస్తుంది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, ఇక నా వల్ల కాదని అంకె వేసి తాళం పెట్టుకుంటుంది. మనం రీసెట్ నొక్కిన ప్రతిసారీ ఆ కొన్ని క్షణాల గ్యాసు మళ్ళీ లోపలికి వస్తుంది. పదేపదే నొక్కుతూ పోతే కాలని గ్యాసు లోపల పేరుకోవచ్చు. ఆ తర్వాత పడిన ఒక నిప్పురవ్వకు అంతా ఒక్కసారిగా అంటుకోవచ్చు. యంత్రం లోపల దీనికి అడ్డుకట్టలు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ అది ఆగిందే ఆ అడ్డుకట్టల వల్ల కదా. వాటినే మనం వేలితో నొక్కి నొక్కి పక్కకు నెడుతున్నాం.

కాబట్టి పిల్లలకు చెప్పవలసిన మాట ఇది. వాసన లేకపోతే, పుస్తకం ఒప్పుకుంటే, ఒక్కసారి రీసెట్ నొక్కండి. మళ్ళీ అదే అంకె వస్తే చెయ్యి తియ్యండి. పెట్టె మూత మాత్రం విప్పొద్దు. చాలా బాయిలర్లలో ఆ మూత అందానికి పెట్టింది కాదు, లోపలి పొగ గదిలోకి రాకుండా బిగించిన అడ్డు అది. స్క్రూడ్రైవరు చేతిలో ఉన్న ఇంజనీరింగు విద్యార్థికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాలి. అక్కడి చట్టం ప్రకారం గ్యాసు పని ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే ముట్టుకోవాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. వచ్చినవాళ్ళ దగ్గర ఫొటో కార్డు ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పితే ఏ పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది. అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు. అద్దె ఇల్లయితే ఏడాదికోసారి గ్యాసు తనిఖీ చేయించడం యజమాని బాధ్యత. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం కూడా 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండులో యజమాని పనే. గ్యాసు వాసన వస్తే అక్కడ చేయాల్సిన ఫోను 0800 111 999. రాత్రి రెండు గంటలకైనా పలుకుతారు. నెల్లూరుకు ఫోను చేసే ముందు అక్కడికి చెయ్యాలి.

యంత్రం ఆగిందంటే పాడైందని మనకు కోపం. ఆగాల్సినప్పుడు ఆగకపోతే ఏమవుతుందో చూడండి. గ్రీసు దేశంలో కోర్ఫూ అనే దీవి ఉంది. 2006 అక్టోబరులో సెలవులకని అక్కడ హోటల్లో దిగిన బ్రిటిష్ కుటుంబంలో ఏడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు చనిపోయారు. పెద్దవాళ్ళిద్దరూ స్పృహ లేకుండా దొరికారు. వాళ్ళ గది పక్కనే ఉన్న కొట్టంలో నీళ్ళు కాచే గ్యాసు బాయిలర్ ఉంది. దాని పొగ గోడలో పైపుల చుట్టూ ఉన్న కంతల గుండా గదిలోకి వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే, ప్రమాదం వచ్చినప్పుడు బాయిలర్‌ను ఆపాల్సిన రక్షణ భాగాన్ని వైరు కలిపి పనిచెయ్యకుండా చేశారు. ఆగవలసిన యంత్రం ఆగలేదు. 2015లో ఇంగ్లండులో జరిగిన విచారణలో జ్యూరీ దీన్ని చట్టవిరుద్ధమైన హత్యగా తేల్చింది. "మాటిమాటికీ ఆగిపోతోంది, ఆ వైరు తీసి కలిపెయ్" అనే మాట మన ఊళ్ళో మోటార్ల దగ్గర, స్టార్టర్ల దగ్గర రోజూ వినబడుతుంది. అక్కడ అది మోటారును కాలుస్తుంది.

సరే, ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన బాయిలర్ ఎక్కడుంది? దొడ్లోంచి స్నానాల గదిలోకి వచ్చింది. పేరు గ్యాస్ గీజర్. గోడకు బిగించిన చిన్న పెట్టె, రబ్బరు గొట్టం, వంటింటి సిలిండరే. నిమిషానికి ఆరు లీటర్లు, కరెంటు పోయినా వేణ్ణీళ్ళు. నెల్లూరు చలి ఏపాటి అని నవ్వకండి. కార్తీకంలో వాయుగుండం పట్టి, ముసురు నాలుగు రోజులు వదలకపోతే చన్నీళ్ళు ఒంటిమీద పోసుకోవడం పెద్దవాళ్ళకు, పసివాళ్ళకు కష్టమే. ఆ ముసురులోనే తూర్పుగాలికి జల్లు కొడుతుందని స్నానాల గది కిటికీ కూడా మూసేస్తాం.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఆరు లీటర్ల గీజరు నిండు మంట మీద గంటకు ఇంచుమించు కిలో గ్యాసు కాలుస్తుంది. వంట స్టవ్ పెద్ద బర్నర్లు అయిదింటిని ఒక్కసారి వెలిగించినంత మంట అది. కిలో గ్యాసు పూర్తిగా మండటానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిలో ఉన్న మొత్తం గాలి 7 ఘనపు మీటర్లు కూడా కాదు. తలుపు, కిటికీ మూసి పది నిమిషాలు నడిపితే రెండు ఘనపు మీటర్ల గాలిలో ఉన్న ప్రాణవాయువు మంటకే పోతుంది. గదిలో మూడో వంతుకు దగ్గర. మంటకు గాలి చాలనప్పుడు గ్యాసు సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ దీన్ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్ళలో బలం పోవడం. చివరిదే ప్రాణాంతకం. ఏదో అవుతోందని తెలిసినా లేచి గడియ తియ్యలేరు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊళ్ళో, గ్యాసు హీటరు పెట్టుకుని ఒకే గదిలో పడుకున్న ఎనిమిది మంది కేరళవాళ్ళు, అందులో నలుగురు పిల్లలు, తెల్లారేసరికి లేవలేదు. గది మూసి ఉంది, అంతే.

మన గీజర్లలో ఇప్పుడిప్పుడు కొన్నిటికి బుల్లి తెర ఉంటోంది. దాని మీద ఈ1 అనో ఈ3 అనో పడుతుంది. దేనికి ఏ అర్థమో కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. మంట అంటుకోలేదని చెప్పే అంకె అయితే మనం చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. సిలిండరు ఖాళీ అయిందేమో, నిప్పురవ్వ వేసే బ్యాటరీలు దిగిపోయాయేమో, మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు అడుగంటి ఒత్తిడి చాలడం లేదేమో. అవి కానప్పుడు కొళాయి తిప్పుతూ కట్టేస్తూ టకటకలాడించకండి. ఇంగ్లండులో పిల్లలకు రీసెట్ బటన్ ఎట్లాగో, మనకు కొళాయి అట్లా. తిప్పిన ప్రతిసారీ గ్యాసు వస్తుంది. వేడి మితిమీరిందని చెప్పే అంకె అయితే సముద్రం దగ్గరి ఊళ్ళలో నీళ్ళను అనుమానించాలి. మన బోరు నీళ్ళ ఉప్పు లోపలి గొట్టాల్లో పేరుకుని దారి సన్నబడుతుంది. ఆ పని మెకానిక్కుది.

కానీ మన ఊళ్ళో గోడలకున్న గీజర్లలో ఎక్కువ వాటికి తెరే లేదు, ఉన్నా నీళ్ళ వేడి తప్ప మరేమీ చూపదు. గదిలో గాలి అయిపోతోందని అవి చెప్పవు. చాలా కంపెనీల గీజర్లు 20 నిమిషాలు కాగానే వాటంతటవే ఆరిపోయేలా చేశారు. అది ఒక్కటే వాటికి తెలిసిన మాట. ఆ మాటకు మనం ఏం చేస్తాం? కొళాయి కట్టి, మళ్ళీ తిప్పి, ఇంకో 20 నిమిషాలు తెచ్చుకుంటాం. ఒకరి తర్వాత ఒకరు నలుగురు స్నానం చేసే ఇంట్లో చివర వెళ్ళేవాళ్ళు అప్పటికే చెడిన గాలిలోకి వెళ్తారు. సాధారణంగా ఆ చివరి మనిషి ఇంటి ఇల్లాలే.

మంట రంగు చూసి తెలుసుకోవచ్చు కదా అంటారు. నీలం మంట మంచిది, పసుపు మంట చెడ్డది అన్నది నిజమే. కడలి ఒడ్డున మాత్రం ఒక మెలిక ఉంది. గాలిలో ఉప్పు తుంపర ఎక్కువగా ఉన్న రోజు మంచి మంటలో కూడా నారింజ రంగు మెరుపులు వస్తుంటాయి. ఉప్పులోని సోడియం మంటకు ఇచ్చే రంగు అది. అందుకని అప్పుడప్పుడు మెరిసే చుక్కలకు కంగారు పడొద్దు. పసుపు నాలుకలు పొడుగ్గా సాగుతూ, గీజరు పైభాగం మసిబారుతుంటే మాత్రం ఆపెయ్యండి. ఆ ఉప్పుగాలే ఇంకో పని చేస్తుంది. బర్నరు కంతలను తుప్పుతో మూస్తుంది, పొగగొట్టాన్ని తినేస్తుంది, సిలిండరు అడుగును పెచ్చులూడగొడుతుంది. ఊరు లోపలి ఇళ్ళలో మూడేళ్ళు బాగుండే గీజరు కోడూరు తీరంలో అంతకాలం బాగుంటుందని నమ్మకం పెట్టుకోకండి. ఏటా వానలకు ముందు, ఆశ్వయుజంలో, ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి.

వాసన గురించి ఒక మాట. గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు మందు కలుపుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊరి దగ్గర గెయిల్ పైపులోంచి కారిన గ్యాసు అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. అలాంటి పెద్ద పైపులైన్ల గ్యాసులో సాధారణంగా ఆ మందు ఉండదు. మన సిలిండర్లో ఉంటుంది, ఆ మేలు వాడుకోవాలి. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. వాసన వస్తే లైటు వెయ్యొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు, ఫ్యాను జోలికి పోవద్దు. స్విచ్చి ఎటు నొక్కినా నిప్పురవ్వే. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తీసి, అందర్నీ బయటికి తెచ్చి, వీధిలోకి వచ్చాక 1906కు ఫోను చెయ్యండి. సిలిండరు గ్యాసు లీకుల కోసమే పెట్టిన నంబరు, రాత్రీ పగలూ ఉంటుంది. వాసన వచ్చేది కాలని గ్యాసు. చంపేది చాలాసార్లు సగం కాలిన గ్యాసు. దానికి వాసన ఉండదని ఇందాకే చెప్పాను. అందుకే "వాసనేమీ రాలేదు కదా" అని ధైర్యం తెచ్చుకోవద్దు.

స్నానానికి వెళ్ళిన మనిషి పిలిస్తే పలకకపోతే, ఇంకొంచెం చూద్దాం అనుకోకండి. తలుపు పగలగొట్టండి. లోపల నిలబడి ఆరా తియ్యకుండా ముందు మనిషిని ఆరుబయటికి లాగండి. గ్యాసు కట్టండి. 108కి ఫోను చెయ్యండి. ఊపిరి ఆడకపోతే, తెలిసినవాళ్ళు ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి. ఆసుపత్రిలో మొదటి మాటగా "గ్యాసు గీజరు ఉన్న గదిలో పడిపోయారు" అని చెప్పండి. ఎందుకంటే కరోనా నాటి నుంచి చాలా ఇళ్ళలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఉంది. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన నెత్తురును కూడా మంచి నెత్తురే అనుకుని 98 చూపిస్తుంది. ఆ అంకె చూసి బాగానే ఉన్నారని ఇంట్లో పడుకోబెట్టకూడదు. మామూలు గాలిలో ఈ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నిండు ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర. స్పృహ ఉండి తలనొప్పి మాత్రమే అంటున్నా తీసుకెళ్ళాలి.

ఇంట్లో ఇప్పటికే గీజరు లోపల ఉంటే, రేపటి నుంచి చెయ్యగలిగింది ఒకటుంది. తలుపు తీసి పెట్టి బకెట్టు నింపుకోండి, మూడు నాలుగు నిమిషాల్లో నిండుతుంది. గీజరు కట్టేసి, గదిలో గాలి మారనిచ్చి, అప్పుడు తలుపు వేసుకుని స్నానం చెయ్యండి. పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోసే ఇంట్లో అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ స్నానం తొందరగా తేలదు. పొగ లాగే ఫ్యాను ఉందని, కిటికీ వారగా తెరిచానని సరిపెట్టుకోవద్దు. తెరిచిన కిటికీ ముసురు పట్టిన రోజున మూసుకుంటుంది.

అసలు మార్గం గీజరును బయటికి పంపడం. స్నానాల గది గోడకు అవతలి వైపు, వాన తడపకుండా చిన్న చూరు వేసి, కిటికీకి దూరంగా బిగించాలి. సిలిండరు కూడా బయటే, నిలబెట్టి. గదిలోకి వేణ్ణీళ్ళ పైపు ఒక్కటే రావాలి. రాగి బాయిలర్‌ను మన పెద్దవాళ్ళు దొడ్లో పెట్టింది పొగ గురించే. ఇల్లు కొత్తగా కడుతున్నవాళ్ళయితే మేస్త్రీతో పునాది నాడే మాట్లాడుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఊరు కాబట్టి మిద్దె మీద సోలార్ పెట్టుకునే ఆలోచన కూడా చెయ్యండి. అప్పుడు గ్యాసు అవసరం ముసురు రోజులకు మాత్రమే మిగులుతుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక మాట అంటాడు, "లోపల పెడితే పైపు ఖర్చు మిగులుతుంది సార్" అని. ఆ ఖర్చు ఎంతని? వేణ్ణీళ్ళను తట్టుకునే సీపీవీసీ పైపు పది పన్నెండు అడుగులు, నాలుగు ఎల్బోలు, గోడకు ఒక కంత. బయటే పెట్టమని చెప్పండి.